కొట్టారండి

"ఎలా తగిలిందండీ?" అని నర్సు అడిగింది.

సత్యవేణి నోరు తెరిచేలోపే రత్నాంబ చెప్పేసింది. "గట్టు మీద జారి పడిందండి. మాది చేపల చెరువు. పొద్దున్నే మంచుకి గట్టంతా జారుడుగా ఉంటదండి."

మండవల్లి అవతల చెరువు గట్టు నుంచి ఏలూరు వచ్చేదాకా ఆటోలో ఈ మాటే లోపల తిప్పుకుంటూ వచ్చింది. కోడలి తల ఒళ్లో పెట్టుకుని, కొల్లేటి వంతెన దాటేటప్పుడు కూడా అదే. అందుకని తడబడకుండా వచ్చింది.

నర్సు పేరు జాయ్సీ. జేబు మీది బిళ్లపై రాసి ఉంది. ఆమె సత్యవేణి కుడిచెయ్యి కింద దిండు పెట్టి, ఉబ్బిన చోట వేలితో మెల్లిగా నొక్కి చూసింది. సత్యవేణి పళ్లు బిగించింది గాని అరవలేదు.

"చెయ్యి వాస్తోంది. గాజులు పగలగొట్టాలి."

"అయ్యో, పగలగొట్టడం అనకమ్మా. పెరగడం అనాలి" అంది రత్నాంబ.

"ఏదన్నా తియ్యాలి కదా మామ్మగారూ." జాయ్సీ దూది చుట్టి, కత్తెర పిడితో ఒక్కొక్కటే నొక్కింది. అయిదు ఆకుపచ్చ గాజులు ట్రేలో ముక్కలయ్యాయి. రత్నాంబ ఆ ముక్కలన్నీ ఏరి కొంగున ముడి వేసుకుంది. వాటిని ఏం చేస్తుందో తనకే తెలీదు. చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు.

జాయ్సీ ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఎదురుగా పట్టుకుంది.

"జారి పడితే ఎవరైనా అరచెయ్యి కింద ఆనిస్తారండి. అప్పుడు మణికట్టు దగ్గర విరుగుతుంది. ఇది చూడండి, ముంజేతి మధ్యలో, చిటికెన వేలి వైపు ఎముక. ఇది ఇలా పెడితేనే విరుగుతుంది." తన చెయ్యి ఎత్తి మొహానికి అడ్డంగా పెట్టి చూపించింది.

రత్నాంబ కొంగు లాక్కుని ఎడమచెయ్యి కప్పుకుంది. ముంజేతి మధ్యలో చింతగింజంత బొడిపె ఒకటి ఉంది. పాతది. చలికాలంలో సలుపుతుంది. జాయ్సీ దాన్ని చూసింది. సత్యవేణి వైపు తిరిగింది.

"మీరు చెప్పండి."

సత్యవేణి గోడకేసి చూస్తూ అంది. "కొట్టారండి."

జాయ్సీ రిజిస్టరులో రాసింది. తర్వాత గేటు దగ్గరున్న పోలీసు ఔట్‌పోస్టుకి ఫోను చేసింది.

*

హెడ్డు కానిస్టేబులు ఆనంద్ పాల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పటికి చేతికి సిమెంటు కట్టు వేశారు. అప్పటికే అబ్బులు కూడా వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, చేతిలో కొబ్బరిబొండాంతో వచ్చాడు. రత్నాంబ కొడుకు అబ్బులు చాలా మెత్తగా మాట్లాడతాడు. ఊళ్లో అందరూ అదే చెప్తారు. మేత సంచులు దింపే కూలీని కూడా ఏవండీ అని పిలుస్తాడు.

ఆనంద్ పాల్ స్టూలు లాక్కుని కూర్చుని, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు.

"ఏం జరిగిందమ్మా?"

"కొట్టారండి."

"దేంతో?"

"దోనె గడకర్రతోనండి."

"ఎవరు?"

సత్యవేణి దుప్పటి అంచు కేసి చూసింది. బొటనవేలితో అంచు దారం ఒకటి పీకింది.

"పేరు చెప్పమ్మా. పేరు లేకపోతే నేనేం రాయను?"

పెళ్లయి పదేళ్లు. ఆ పిల్ల నోట మొగుడి పేరు రాగా రత్నాంబ వినలేదు. తిన్నారా, వచ్చారా, లేచారా. అంతే పిలుపు. చెరువు అవతలి గట్టు మీద ఉంటే, ఏవండోయ్ అని కేకేస్తుంది.

అబ్బులు చిన్నగా దగ్గాడు. "నేను చెప్పనాండీ? దొంగలండి. తెల్లారుజామున గాలాడక చేప పైకి తేలిందని ఇది ఒక్కత్తీ మోటారు వెయ్యడానికి వెళ్లింది. మేత దగ్గర ఎవరో ఉన్నారంట. అరవబోతే కొట్టారు."

"ముందు జారి పడిందని చెప్పారంట కదా?"

"మా అమ్మ కంగారులో అందండి. పెద్దావిడ కదండీ."

"ఎంతమంది?"

"ఆవిడే అంటుంది కదా సార్, కొట్టారని. ఒక్కడైతే కొట్టాడు అనదాండీ? నలుగురైనా ఉంటారు."

ఆనంద్ పాల్ కలం ఆగింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని సత్యవేణి మొహం చూశాడు. ఆమె చూపు ఎత్తలేదు. మందుల బండి దగ్గర నుంచి జాయ్సీ అంది. "సార్, నాకు ఆవిడ దొంగలని చెప్పలేదండి."

"మరి ఎవరని చెప్పింది?"

"అది చెప్పలేదండి."

"నాకూ చెప్పలేదమ్మా. చెప్పనిది నేనెక్కణ్ణించి తేను?" అని కళ్లజోడు దించుకుని రాసుకుపోయాడు.

రత్నాంబకి పొద్దుట్నించీ గుండె మీదున్న బరువు దిగినట్టయింది. దొంగలు. అందరికీ బాగుంది. కొడుక్కి కేసు ఉండదు, కోడలికి మాట రాదు, ఊళ్లో తలెత్తుకుని తిరగొచ్చు. ఒక్క క్షణం ఆ నలుగురూ గట్టు మీద నిలబడినట్టే అనిపించింది. తలెత్తితే సత్యవేణి తననే చూస్తోంది. మొగుణ్ణి కాదు, తనని.

"కుడిచెయ్యి కట్టులో ఉంది. వేలిముద్ర వేయించండమ్మా" అని ఆనంద్ పాల్ సిరా డబ్బా మూత తీశాడు.

రత్నాంబే పట్టుకుంది కోడలి ఎడమ బొటనవేలు. చల్లగా ఉంది. సిరాలో అద్ది, కాగితం మీద పెట్టి, పైనుంచి నొక్కింది. ఆ పిల్ల ఒక్కసారి వేలు వెనక్కి లాక్కుంటే వదిలేసేది. లాక్కోలేదు. రత్నాంబ వేళ్ల కొసలు కూడా నీలంగా అయ్యాయి.

*

మంగళవారం కామేశ్వరి వచ్చింది. ఊళ్లో సచివాలయంలో మహిళా పోలీసు ఉద్యోగం ఆ అమ్మాయిది. స్కూటీ మీద అంతదూరం వచ్చి, బత్తాయిలు బల్ల మీద పెట్టి, ట్యాబులో సత్యవేణి ఫొటో తీసుకుంది.

"దొంగలని రాశారంట కదండీ పిన్నిగారూ."

"అవునమ్మా."

"పోనీలెండి." కామేశ్వరి ట్యాబు మూసేసింది. కాసేపు బత్తాయి ఒలుస్తూ కూర్చుంది. "అబ్బులన్నయ్య మంచోడేనండి. కోపం వచ్చినప్పుడే. నేను మాట్లాడతాను. నేను చెప్తే వింటారు. రెండు వైపులా కూర్చోబెట్టి మాట్లాడి సర్దుబాటు అయిందని రాసేస్తే నాకూ ఒక పని అయిపోద్ది."

సత్యవేణి మొదటిసారి తల తిప్పింది. "పోయినేడు కూడా మాట్లాడారు కదా కామేశ్వరీ."

"మాట్లాడాను వదినా."

"ఏమన్నారు?"

"ఇంక చెయ్యనన్నారు." బత్తాయి తొనల మీద తెల్లపొర పీకుతూ అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకూ ఆ ఊళ్లోనే ఉద్యోగం వదినా. మా నాన్నగారి చెరువుకి నీళ్లు మీ చెరువు మీంచే రావాలి. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

సత్యవేణి ఎడమచెయ్యి చాచింది. తొన తీసుకుని నోట్లో పెట్టుకుంది. వాచిన దవడ వైపు నుంచి రసం కారింది. రత్నాంబ కొంగుతో తుడిచింది.

సాయంత్రం రత్నాంబ ఊరికి బయల్దేరింది. ఇంట్లో మనవరాలు శ్రావ్య ఒక్కత్తీ ఉంది, పాలవాడికి చెప్పాలి, మేత సంచులు కట్టాలి. గుమ్మం దగ్గరికి వచ్చాక సత్యవేణి పిలిచింది.

"అత్తయ్యా."

"ఏమ్మా?"

"గురువారం పంపించేస్తారంట."

"అవునమ్మా. బాబు కారు తెస్తానన్నాడు."

"ఇంటికొస్తే నేను బతకనత్తయ్యా." మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది. ఏడవలేదు. రత్నాంబ, పడుకోమ్మా, మాత్ర వేసుకుని పడుకో, అని వచ్చేసింది.

*

మేత సంచి కట్టడానికి ఇద్దరు కావాలి. చిల్లులు పెట్టిన సంచిలో తౌడూ వేరుశెనగ చెక్కా కలిపి నింపాక, ఒకరు మూతి కూడదీసి పట్టుకుంటే ఇంకొకరు దబ్బనంతో పురికొస ఎక్కించి కుట్టాలి. తర్వాత దోనె మీద వేసుకుని, చెరువులో పాతిన వెదుళ్లకి ఒక్కొక్కటే వేలాడదియ్యాలి. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. బుధవారం పొద్దున రత్నాంబ ఒక్కత్తే మోకాళ్ల మధ్య సంచి ఇరికించుకుని కుడుతోంది. తౌడు కారిపోతోంది. పక్కింటి విజయదుర్గ చూసి, కంచె సందులోంచి వచ్చి, మూతి పట్టుకుంది.

"ఎలా ఉంది వదినా అమ్మాయికి?"

"బానే ఉంది."

"దొంగలంట కదా." అని విజయదుర్గ అటూ ఇటూ చూసింది. "ఆ రోజు పొద్దున్న మా ఆయన టీవీ సౌండు పెంచారొదినా. పిల్లలు వింటున్నారని. భక్తి చానలు. ఎంత పెంచినా వినపడతానే ఉంది."

"రాలేకపోయావా?"

"నేనా?" విజయదుర్గ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయన ఊరుకుంటారా? అయినా నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదొదినా."

దబ్బనం రత్నాంబ వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుంది. సిరా ఇంకా పోలేదు. ఆ పొద్దున తను వంటింట్లో ఉంది. పొయ్యి మీద పాలు ఉన్నాయి. పాలు పొంగుతాయని అక్కడే నిలబడింది.

గట్టు మీద అబ్బులు కొత్త వెదురు చెక్కుతున్నాడు. కణుపు దగ్గర కత్తి ఆనించి, అడ్డంగా లాగి, ముల్లు లేకుండా నున్నగా చేస్తున్నాడు. రత్నాంబ మేత తట్ట ఎత్తుకుని అటు వెళ్లింది.

"ఏంట్రా బాబూ అది?"

"గడకర్రమ్మా. పాతది విరిగిపోయింది కదా." తల ఎత్తకుండానే చెప్పాడు. అరచెయ్యి కర్ర పొడవునా రాసి చూసుకున్నాడు. ఒకచోట ఆగి, మళ్లీ కత్తి పెట్టాడు. "తాడేపల్లిగూడెం నుంచి తెప్పించాను. ముదురు వెదురు. ఇది విరగదు."

రత్నాంబ తట్ట దించలేదు.

"వేణి రేపు వచ్చేస్తుంది కదా. కట్టు విప్పేదాకా నువ్వే చూసుకోవాలమ్మా. అది లేక చేపకి మేత కూడా సరిగ్గా పడట్లేదు." నిజంగానే బెంగగా అన్నాడు. రెండు చేతులతో కర్ర ఎత్తి, ఒకసారి గాల్లో ఊపి, బరువు చూసుకున్నాడు. మళ్లీ ఒళ్లో పెట్టుకుని రెండో కణుపు మొదలుపెట్టాడు.

వాడి తండ్రి కూడా ఇంతే. ఏ పని చేసినా నున్నగా చేసేవారు.

ఇంటికి వచ్చి శ్రావ్యకి జడ వేస్తూ కూర్చుంది. పాపిట రెండుసార్లు వంకరపోయింది.

"నానమ్మా, దొంగలు నలుగురా ముగ్గురా?"

"ఎందుకే?"

"నాన్నగారు మొన్న నలుగురన్నారు, నిన్న ముగ్గురన్నారు. స్కూల్లో అడిగితే ఎంతమందని చెప్పను?"

"నువ్వు చూశావా?"

శ్రావ్య చూశానన్నట్టు తలూపింది.

"ఎంతమంది?"

పిల్ల ఒక వేలు చూపించింది. వెంటనే గుమ్మం కేసి చూసి, గబగబా మిగతా మూడు వేళ్లూ కూడా ఎత్తింది.

రత్నాంబ ఆ నాలుగు వేళ్లూ తన చేతిలో మూసేసింది. రిబ్బను కట్టింది.

*

గురువారం పొద్దున, వాళ్లమ్మని చూస్తానని పిల్ల ఏడుస్తోందిరా అని రత్నాంబ కొడుక్కి అబద్ధం చెప్పింది. శ్రావ్య ఏడవలేదు. స్కూలు బ్యాగు తగిలించుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. ఆ బ్యాగులో పుస్తకాల కింద రెండు జతల బట్టలున్నాయని పిల్లకి తెలీదు. రత్నాంబ తన గుడ్డసంచీలో రెండు చీరలు, దువ్వెన, నెలకి సరిపడా బీపీ మాత్రలు పెట్టుకుంది.

ఆసుపత్రిలో సత్యవేణి తయారై మంచం మీద కూర్చుని ఉంది. జాయ్సీ కట్టుకి పట్టీ వేసి మెడకి తగిలిస్తోంది. అబ్బులు అందరికీ నమస్కారాలు పెట్టి, మందులూ డిశ్చార్జి కాగితాలూ తెస్తానని కిందికి దిగాడు. కూతురికి చాక్లెటు కొనిపెడతానన్నాడు. రత్నాంబ శ్రావ్య చెయ్యి వదల్లేదు.

అప్పుడే ఆనంద్ పాల్ వచ్చాడు. "ఒక్కసారి చదివి వినిపిస్తానమ్మా. మళ్లీ ఏమీ అనుకోకుండా." కళ్లజోడు దించుకున్నాడు. "సోమవారం తెల్లవారుజామున చేపల చెరువు వద్ద గుర్తు తెలియని నలుగురు వ్యక్తులు నన్ను కర్రతో కొట్టినారు. వారిని నేను గుర్తుపట్టలేను. అంతేనా అమ్మా? ఏమైనా మార్చాలా?"

సత్యవేణి అత్తగారి కేసి చూడలేదు ఈసారి. కూతురి బ్యాగు కేసి చూస్తూ అంది. "కొట్టారండి."

"అదే రాశానమ్మా."

"బాబూ" అంది రత్నాంబ. ఒక అడుగు ముందుకి వేసింది. మళ్లీ అంది. "బాబూ, అది మర్యాదండి."

"ఏదండీ?"

"కొట్టారన్నది. ఆ పిల్ల మర్యాదకి అంటోంది. లెక్క కాదండి అది. నలుగురు లేరు. ఒక్కడే."

ఆనంద్ పాల్ కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. జాయ్సీ పట్టీ ముడి సగంలో ఆపింది. ఆనంద్ పాల్ ఆశ్చర్యపడలేదు. అలిసిపోయినట్టు కనిపించాడు.

"మామ్మగారూ, ఆలోచించుకుని చెప్పండి. ఇది నేను రాశానంటే మీరు మళ్లీ ఆ ఇంటికి వెళ్లగలరా?"

"మాత్రలు తెచ్చుకున్నానండి" అంది రత్నాంబ.

అతను రాసినదాని మీద అడ్డగీత గీసి, కొత్త కాగితం తీశాడు. "పేరు చెప్పండి."

"అబ్బులండి."

"అది ఇంట్లో పిలుపు. కాగితం మీద పేరు కావాలి."

కాగితం మీద పేరు మామగారి పేరు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి దాన్ని రత్నాంబ నోటితో అనలేదు. బడిలో చేర్చేటప్పుడు అడిగితే, మా పెద్దాయన పేరేనండి అంది. శుభలేఖ మీద వేలు పెట్టి చూపించింది. ఇప్పుడు పెదాలు తడుపుకుంది. నాలుక అలవాటు లేని చోటికి వెళ్లింది.

"నాగభూషణం" అంది. "నా కొడుకు. గడకర్రతో కొట్టాడు. కర్ర విరిగేదాకా కొట్టాడు. నేను ఇంట్లోనే ఉన్నాను."

ఆనంద్ పాల్ సత్యవేణి వైపు తిరిగాడు. "అంతేనా అమ్మా?"

సత్యవేణి ఎడమచేత్తో కట్టు పట్టుకుంది.

"కొట్టాడండి" అంది.

కింద మెట్ల దగ్గర అబ్బులు గొంతు వినిపించింది. వార్డుబాయితో ఏదో మెత్తగా మాట్లాడుతున్నాడు, ఆ కుర్రాడు నవ్వుతున్నాడు. జాయ్సీ వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "వెనక గేటు పక్కనే ఇలాంటి ఆడవాళ్ల కోసం సఖి కేంద్రం ఉందండి. కొన్నాళ్లు ఉండనిస్తారు."

"ఆ తర్వాత?" అని అడిగింది సత్యవేణి.

జాయ్సీ తలుపు దగ్గరికి లాగింది.

ఆనంద్ పాల్ తొందరగా రాస్తున్నాడు. కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మెట్ల మీద చెప్పులు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నాయి.

"సాక్షి పేరు?"

"రత్నాంబండి."

"భర్త పేరు?"

ఆ పేరు కూడా ఎప్పుడూ అనలేదు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా. కొంగు కింద ముంజేతి మీది బొడిపెని కుడిచెయ్యి దానంతటదే తడుముకుంది.

"తాతాజీ" అంది.

"ఉన్నారా?"

"లేడు" అంది రత్నాంబ. "పోయాడు."